మొదటి పెద్ద వాన పడేలోపు మిద్దె ఎక్కండి

పోయిన ఆదివారం మా అపార్ట్‌మెంట్ సంపు మూత తీస్తే నీళ్ళ మీద నీలం రంగు పొట్టు తేలుతోంది. మొదట పెయింటేమో అనుకున్నాం. వేళ్ళ మధ్య నలిపితే ఇంకా చిన్న ముక్కలైంది. ఒక్కో తునక నువ్వుగింజంత, కొన్నయితే బొంబాయి రవ్వ కంటే సన్నం. మిద్దె ఎక్కి చూస్తే సంగతి అర్థమైంది. ట్యాంకు పక్కన పాత సామాను మీద ఎవరో ఎప్పుడో కప్పిన టార్పాలిన్ పట్టా, పట్టుకుంటే అప్పడంలా విరుగుతోంది. అంతకు రెండు రోజుల ముందు అరగంట పడిన మామిడి వాన దాన్నంతా పైపుల్లోంచి కిందికి దించేసింది. బెంగళూరులో పెద్ద సైట్లకి 2009 నుంచి వాననీళ్ళు పట్టుకోవడం తప్పనిసరి కదా, మిద్దె మీద ఏముంటే అదే సంపుకి వస్తుంది. ఆకులు ఆపే జాలీ ఈ పొడిని ఆపదు.

అసలు వానలు ముందున్నాయి కాబట్టి రాస్తున్నా. ప్లాస్టిక్ తగ్గించండి, గుడ్డ సంచి వాడండి లాంటివి చెప్పను, అవి అందరికీ తెలిసినవే. నేను చూసినవాళ్ళంతా దెబ్బ తిన్నది ఒకే ఒక్క తప్పు దగ్గర: ప్లాస్టిక్ ముక్కగా చేతికి వచ్చేటప్పుడు తియ్యరు, పొడి అయ్యాక వెతుక్కుంటారు.

మిద్దె తోట

ఈ తప్పు నేనే చేశాను. బియ్యం సంచులు ఊరికే పారెయ్యడం ఎందుకని పన్నెండు సంచుల్లో మట్టి నింపి వంగ, టమాటా పెట్టా. ఆ సంచి పాలీప్రొపిలిన్ అనే ప్లాస్టిక్, ఎండలో ఉంచడానికి చేసింది కాదు. అతినీలలోహిత కిరణాలకి దాని అణువుల గొలుసులు తెగి పెళుసెక్కిపోతుంది. రెండో వేసవికి ఒక సంచి ఎత్తబోతే అడుగు ఊడి చేతిలో పోగులు మిగిలాయి. రెండు రోజులు జల్లెడ పట్టుకుని కూర్చున్నా. తెల్లటి పోగులు, తెల్లటి వేర్లు, ఏది ఏదో తెలియదు. ఆ మట్టి ఎక్కడ పోయాలో తోచక ఇప్పటికీ ఒక డ్రమ్ములో మూలన ఉంది. మట్టిలో కలిశాక ఇంట్లో చేయగలిగింది లేదు. ల్యాబుల్లో ఉప్పునీళ్ళలో తేల్చి తీస్తారట గానీ, ఆ ఉప్పుకి మొక్క బతకదు. మీ సంచి ఇంకా గట్టిగా ఉందా? ఇప్పుడే మార్చండి. పెళుసెక్కిందా? చుట్టూ కోసి మట్టిముద్దని ముద్దగానే ఎత్తండి, పైనున్న రెండంగుళాల మట్టి తీసెయ్యండి.

మదనపల్లె దగ్గర మా బావ టమాటా మడిలో నేల మీద పరిచిన ప్లాస్టిక్ మల్చింగ్ కవర్‌ని కూలీ ఖర్చుకి భయపడి తియ్యకుండా రోటవేటర్‌తో దున్నించాడు. కాగితమంత మందం కూడా ఉండని షీటు, లక్ష ముక్కలైంది. ఇప్పుడు ఆయన ఏ గడ్డ పగలగొట్టినా నల్ల పీలికలే, నీళ్ళు సరిగ్గా ఇంకవు. "ఆ రోజు నలుగురు కూలీలని పెట్టుంటే అయిపోయేది కదరా" అంటాడు. నిజమే, ముక్కగా ఉన్న రోజు నలుగురు చాలు.

సంపు

పొట్టు అప్పటికే పడి ఉంటే ముందు మోటారు ఆపండి. పట్టాల పాలిథిలిన్, సంచుల పాలీప్రొపిలిన్ రెండూ నీళ్ళ కంటే తేలిక, రాత్రంతా కదపకుండా వదిలితే చాలావరకు పైకి వస్తాయి. పాత నూలు పంచెని ఇద్దరు చెరో వైపు పట్టుకుని పైపైన తోడండి. సీసాల ప్లాస్టిక్ మాత్రం మునుగుతుంది, కాబట్టి అడుగు బురద కెలకకుండా చివర్లో విడిగా తియ్యండి. మొదటి వాన బయటికి వదిలే వాల్వు తెరిస్తే చాలు అంటారు కొందరు. తెరవాల్సిందే, కానీ మన మారతహళ్ళి వైపు అదే పొట్టు రాజకాలువ (వాననీళ్ళ పెద్ద కాలువ) పట్టుకుని వర్తూరు చెరువులో తేలుతుంది. మిద్దె శుభ్రం చెయ్యకుండా వాల్వు తిప్పితే చెత్త పక్కింటికి తోసినట్టే.

తాగే నీళ్ళ గురించి ఒక్క మాట. ఆర్వో పొర ఈ సన్నటి ప్లాస్టిక్ రేణువులని ఆపుతుంది. ఆర్వో లేనివాళ్ళు కాచి వడకట్టండి. 2024లో చైనా పరిశోధకులు చూపించిందేమంటే, సున్నం ఎక్కువున్న నీళ్ళు మరిగించినప్పుడు ఆ సున్నం ప్లాస్టిక్ రేణువుల చుట్టూ గడ్డకడుతుంది, దాంతో 90 శాతం వరకు తగ్గాయి. సున్నం తక్కువున్న నీళ్ళలో 25 శాతం దగ్గరే ఆగింది. గిన్నె అడుగున తెల్లగా పట్టే చారని తిట్టుకుంటాం గానీ, ఇక్కడ పనికొచ్చేది అదే. చల్లారాక కదపకుండా వంచండి, అడుగుది పారబోయండి. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉంటే మాత్రం కాచినా పోదు, అది వేరే బెడద.

ఇక మిగతావి వరసగా.

ఆర్వో నీళ్ళు పట్టి ఆ క్యాన్‌ని ఎండ తగిలే బాల్కనీలో పెట్టకండి.

షేడ్ నెట్ ఒక మూల నలిపి చూడండి. వేళ్ళకి పొడి అంటితే దాని పని అయిపోయింది. ఇంకో సీజన్ వస్తుందని ఆశపడకండి.

ట్యాంకు మూత, పైపు మీద చుట్టిన కవర్, బట్టలారేసే ప్లాస్టిక్ తాడు, విరిగిన కుర్చీ. అన్నీ చూడండి.

పొడి చీపురు వద్దు, గాలికి లేస్తుంది. తడిగుడ్డ.

హోస్ పైపు పెట్టి కడగకండి. కడిగింది ఎటు పోతుంది, సంపుకే కదా!

కాల్చకండి. ఎవరేం చెప్పినా కాల్చకండి.

కంపోస్టు డబ్బాలో కవర్ ముక్క కనిపిస్తే ఆ రోజే ఏరండి, నెల తర్వాత ఏరలేరు.

సంచి మీద సంచి తొడిగి ఆపద్దు, లోపలిది పొడి అవుతూనే ఉంటుంది.

పొడి కాకముందు తియ్యండి. మళ్ళీ చెప్తున్నా, పొడి కాకముందు.

పెళుసు పట్టాని లాగకండి, చిరుగుతుంది. ముందు తడపండి, మడత మీద మడత మెల్లగా వేసి గోనెసంచిలో కట్టి పొడి చెత్తకి ఇవ్వండి. పొద్దున్నే వెళ్ళండి, గాలి తక్కువ.