స్ప్రింగులు మార్చాక వచ్చిన 'టక్' శబ్దం

టైరుకీ ఫెండర్‌కీ మధ్య ఖాళీ తగ్గాలని మా స్విఫ్ట్‌కి కారు ఎత్తును 30 మి.మీ. దించే స్ప్రింగులు వేయించాను. చూడ్డానికి బాగుంది కానీ స్టీరింగ్ తిప్పితే ముందు కుడివైపు 'టక్'మని శబ్దం. షాక్ అబ్జార్బర్ పోయిందన్నాడు మెకానిక్. కొత్తదే, నమ్మబుద్ధి కాలేదు. స్ట్రట్ (షాక్ అబ్జార్బర్, స్ప్రింగు కలిసి ఉండే భాగం) విప్పిస్తే స్ప్రింగు కొస కింది సీటు గాడిలో సరిగ్గా కూర్చోలేదు. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా మెలిపడి, ఒక్కసారిగా జారుతోంది.

స్ప్రింగ్ కంప్రెసర్ అనే పనిముట్టుతో స్ప్రింగును నొక్కి (అది లేకుండా పై నట్టు విప్పితే ప్రాణాలకే ముప్పు) కొసను గాడి చివరికి ఆనించి బిగించాం. లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింది నుంచి కారుకి కలిపే భాగం) బోల్టుల ఫైనల్ టైటింగ్ మాత్రం కారు బరువు చక్రాల మీద పడ్డాకే. గాల్లో బిగిస్తే ఆర్మ్ కీలులో ఉండే బుష్ రబ్బరు మెలితిరిగి త్వరగా చిరుగుతుంది. ఎత్తు తగ్గితే టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మారుతుంది, కాబట్టి అలైన్‌మెంట్ కూడా చేయించాను.

శబ్దం పోయింది. కాలనీ స్పీడ్ బ్రేకర్లను మాత్రం ఇప్పుడు ఏటవాలుగా ఎక్కిస్తున్నాను.