ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్ ఇంట్లో వేసుకునేవారికి

కిడ్నీలు దెబ్బతింటే ఎరిత్రోపోయిటిన్ హార్మోను తగ్గి, ఎముక మజ్జలో ఎర్ర రక్తకణాల తయారీ మందగిస్తుంది. ఆ లోటు తీర్చేదే ఈ ఇంజెక్షన్. సూది గుచ్చడం నర్సు దగ్గర నేర్చుకుంటే త్వరగానే చేతికి వస్తుంది. తప్పులు ఎక్కువగా జరిగేది మందు దాచడంలో, కొలవడంలో.

మందు 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య, వెలుతురు తగలకుండా దాని పెట్టెలోనే ఉండాలి. ఫ్రిజ్‌లో వెనక గోడకు ఆనించొద్దు, అక్కడ గడ్డకట్టవచ్చు. ఒకసారి గడ్డకట్టిన మందు కరిగినా పనికిరాదు. ఇది ప్రోటీన్ కాబట్టి గట్టిగా ఊపినా చెడిపోతుంది.

వేసుకోవడానికి అరగంట ముందు బయట పెట్టండి. వేడినీళ్లలో పెట్టొద్దు. మందు తేటగా లేకపోయినా, నలకలు కనిపించినా పక్కన పెట్టేయండి.

సీసా నుంచి తీసేవాళ్లు లెక్క ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. మోతాదు యూనిట్లలో రాస్తారు, సిరంజి మీద మిల్లీలీటర్లు ఉంటాయి. 1 మి.లీ.లో 4000 యూనిట్లున్న సీసాలో 2000 యూనిట్లంటే 0.5 మి.లీ. ఇన్సులిన్ సిరంజి మీది యూనిట్లు ఇన్సులిన్‌కే, దీనికి కాదు.

సబ్బుతో చేతులు కడుక్కుని, తొడ ముందు భాగాన్నో, బొడ్డు చుట్టూ 5 సెం.మీ. వదిలి పొట్టనో స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి. చర్మం మడత పట్టుకుని, నేర్పిన కోణంలో సూది దించి, మందు నెమ్మదిగా ఎక్కించండి. తీశాక దూది అదిమి పట్టండి, రుద్దొద్దు. ప్రతిసారీ చోటు మార్చండి. సూదికి మళ్లీ మూత పెట్టకుండా గట్టి డబ్బాలో వేయండి.

బీపీ అదుపులో లేకపోతే ఈ మందు మొదలుపెట్టరు. మొదలయ్యాక కూడా పెరగవచ్చు. డాక్టరు చెప్పినన్నిసార్లు చూసి రాసుకోండి. హిమోగ్లోబిన్ ఎంత పెరిగితే అంత మంచిదన్నది ఇక్కడ చెల్లదు: డెసిలీటరుకు 11 గ్రాములు దాటించాలని చూస్తే పక్షవాతం, గుండెపోటు, రక్తపు గడ్డల ముప్పు పెరుగుతుంది. 2 వారాల్లో 1 గ్రాము కంటే ఎక్కువ పెరిగినా మోతాదు తగ్గించాల్సి రావచ్చు. హఠాత్తుగా తీవ్రమైన తలనొప్పి, ఫిట్స్, ఛాతీనొప్పి, ఒక కాలు వాచడం, మాట తడబడటం కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

ఒక డోసు మరిచిపోతే రెండూ కలిపి వేసుకోవద్దు, ఫోన్ చేసి అడగండి. ఫలితం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. అప్పటికీ హిమోగ్లోబిన్ కదలకపోతే ముందుగా అనుమానించాల్సింది ఐరన్ లోటునే. ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చూపే ఫెరిటిన్ పరీక్ష అందుకే. మొదట బాగా పనిచేసి, తర్వాత హిమోగ్లోబిన్ ఒక్కసారిగా పడిపోతే మాత్రం మోతాదు సొంతంగా పెంచొద్దు. అరుదుగా శరీరం ఈ మందుకు వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది. అప్పుడు మందు ఆపాల్సిందే.