ఆస్ట్రేలియా సముద్రంలోకి దిగడం ఎలా? రిప్‌ని గుర్తుపట్టడం, చిక్కితే బయటపడటం

ఆస్ట్రేలియా వచ్చిన మనవాళ్ళు మొదటి వారాంతంలోనే బీచ్‌కి వెళ్తారు. వెళ్ళాల్సిందే కూడా. దాదాపు 77 లక్షల చదరపు కిలోమీటర్ల దేశం ఇది, మన భారతదేశానికి రెండింతల కంటే పెద్దది. చుట్టూ నీళ్ళే. బీచ్‌లు 10 వేలకు పైగా ఉన్నాయి. జనంలో నూటికి 85 మందికి పైగా తీరానికి 50 కిలోమీటర్ల లోపే కాపురముంటారు. మెల్‌బోర్న్‌లో, సిడ్నీలో చదువుకోవడానికి వచ్చిన తెలుగు పిల్లలూ, వాళ్ళని చూడటానికి వచ్చిన అమ్మానాన్నలూ జీన్స్ మోకాళ్ళ దాకా మడుచుకుని, ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ నీళ్ళలోకి నడిచేయడం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆపి ఒక మాట చెబితే "మోకాలి లోతే కదండీ" అంటారు. ఇక్కడ చాలా ప్రమాదాలు ఆ మోకాలి లోతులోనే మొదలవుతాయి.

అందరూ షార్కుల గురించి అడుగుతారు. షార్కుల వల్ల ఏడాదిలో చనిపోయేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. ఒడ్డు నుంచి సముద్రంలోకి లాక్కెళ్ళే రిప్ అనే ప్రవాహంలో కొట్టుకుపోయి చనిపోయేవాళ్ళు ఏటా సగటున 20 మందికి పైనే. అందుకే ఈ వ్యాసంలో సగం రిప్ గురించే ఉంటుంది.

1. బీచ్ ఎంచుకోవడం

ఈ దేశంలో సముద్రం అన్ని వైపులా ఒకేలా ఉండదు. దక్షిణాన టాస్మేనియా దీవి తప్ప అంటార్కిటికా దాకా అడ్డుగా పెద్ద భూమి లేదు. అక్కడి గాలులు పుట్టించిన పెద్ద కెరటాలు వేల కిలోమీటర్లు ప్రయాణించి నేరుగా విక్టోరియా, దక్షిణ ఆస్ట్రేలియా తీరాలని కొడతాయి. నీళ్ళు చల్లగా ఉంటాయి, లాగుడు ఎక్కువ. సిడ్నీ వైపు నీళ్ళు కాస్త వెచ్చన, కానీ కెరటాలు అక్కడా గట్టివే. ఈశాన్యాన క్వీన్స్‌లాండ్ తీరానికి అడ్డంగా 2,300 కిలోమీటర్ల పొడవున గ్రేట్ బారియర్ రీఫ్ ఉంది కాబట్టి, కెరటాలు దాని మీదే విరిగి ఒడ్డుకి నీళ్ళు మెత్తగా వస్తాయి. అలాగని అక్కడ నిశ్చింతగా దిగొచ్చని కాదు. ఆ వైపు బాక్స్ జెల్లీఫిష్‌లూ మొసళ్ళూ ఉంటాయి.

ఈత రానివాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే: పెద్ద కెరటాల బీచ్‌కి వెళ్ళినా నీళ్ళలోకి దిగొద్దు. సిడ్నీలో రాళ్ళ మధ్య కట్టిన సముద్రపు ఈత కొలనులు ఉన్నాయి. బ్రాంటేలో ఉంది, కూజీలో ఉంది. అలల నీళ్ళే లోపలికి వస్తుంటాయి, లాగుడు మాత్రం ఉండదు. మెల్‌బోర్న్‌లో అయితే బ్రైటన్, సెయింట్ కిల్డా లాంటి అఖాతం లోపలి బీచ్‌లు చాలు. ఇన్‌స్టాగ్రామ్‌లో చూసిన ఎవరూ లేని అందమైన బీచ్‌కి వెళ్ళి ఫోటోలు దిగి రండి, స్నానం అక్కడ చేయకండి. ఎవరూ లేరంటే కాపాడేవాళ్ళూ లేరు.

2. సామాను

ఈత బట్టలు, ఎస్‌పీఎఫ్ 50 ప్లస్ సన్‌స్క్రీన్, టోపీ, మంచినీళ్ళు, తువ్వాళ్ళు. జీన్స్, చుడీదార్, చీర వద్దు. తడిస్తే బరువెక్కి కాళ్ళకి చుట్టుకుంటాయి. ఒళ్ళంతా కప్పుకోవాలంటే పొడుగు చేతుల లైక్రా చొక్కా, లెగ్గింగ్స్ దొరుకుతాయి, ఎండకీ అవే మంచివి. పిల్లలకి నీలం రంగు ఈత బట్టలు కొనకండి, నీళ్ళలో కనిపించరు. నారింజ రంగో, మెరిసే ఆకుపచ్చో కొనండి. గాలి ఊదిన ట్యూబులూ బాతు బొమ్మలూ సముద్రానికి తీసుకెళ్ళనే కూడదు. భూమి మీంచి గాలి వీచే రోజున అవి పిల్లాడితో సహా లోపలికి వెళ్ళిపోతాయి.

వెళ్తే పొద్దున్నే వెళ్ళాలి. మధ్యాహ్నానికి గాలి లేస్తుంది, నీళ్ళు చెదిరిపోయి ప్రవాహం ఎక్కడుందో కనిపించదు, ఎండ కూడా మన ఎండలా ఉండదు. భోజనం చేసి మెల్లగా మూడింటికి బయల్దేరడం వేసవిలో సరైన పద్ధతే కాదు.

3. జెండాలు

సగం ఎరుపు, సగం పసుపు ఉన్న జెండాలు రెండు దూరదూరంగా పాతి ఉంటాయి. ఆ రెండింటి మధ్యే దిగాలి. పసుపు జెండా ఒక్కటే ఉంటే జాగ్రత్త అని, ఎరుపు జెండా ఒక్కటే ఉంటే దిగొద్దని, ఎరుపు తెలుపు గళ్ళ జెండా ఊపితే వెంటనే బయటికి రమ్మని అర్థం. నలుపు తెలుపు గళ్ళ జెండాలు సర్ఫ్‌బోర్డుల వాళ్ళకి. జెండాలు లేని బీచ్‌లో దిగకూడదు, అంతే.

నీళ్ళ అడుగున ఇసుక దిబ్బలు మారే కొద్దీ జెండాల్ని రోజులో పక్కకి జరుపుతుంటారు. మీరు నీళ్ళలో ఆడుతుండగా ప్రవాహం మిమ్మల్ని తెలియకుండానే పక్కకి నెడుతుంది. అయిదు నిమిషాలకోసారి ఒడ్డు వైపు తిరిగి, మీరింకా రెండు జెండాల మధ్యే ఉన్నారో లేదో చూసుకోండి.

జెండాల దగ్గర నిలబడే ఎరుపు పసుపు టోపీల వాళ్ళలో ఎక్కువమంది జీతం లేని వాలంటీర్లే. వీళ్ళ క్లబ్బులు 1907లో సిడ్నీలో మొదలయ్యాయి. కాపాడినందుకు పైసా అడగరు, కేసు పెట్టరు, తిట్టరు. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, మనవాళ్ళు సిగ్గుపడి సాయం కోసం చెయ్యి ఎత్తరు.

4. రిప్‌ని గుర్తుపట్టడం

అసలు కష్టమంతా ఇక్కడే. నీళ్ళ దగ్గరికి వెళ్ళకముందే, మెట్ల మీదో పార్కింగ్ గట్టు మీదో, ఎత్తయిన చోట నిలబడండి. పది నిమిషాలు ఊరికే చూడండి. పది అంటే పదే, రెండు నిమిషాలు చూసి పరవాలేదులే అనుకోకండి. కెరటాలు గుంపులుగా వస్తాయి. ఒక గుంపు వచ్చి వెళ్ళాక కాసేపు సముద్రం నిద్రపోయినట్టు ఉంటుంది. ఆ విరామంలో చూసి దిగినవాళ్ళ మీదికే తర్వాతి గుంపు వస్తుంది.

రిప్ ఎలా పుడుతుందో తెలిస్తే గుర్తుపట్టడం తేలిక. కెరటాలు ఇసుక దిబ్బ మీద విరిగి నీళ్ళని ఒడ్డుకి తోస్తాయి. ఆ నీళ్ళన్నీ మళ్ళీ వెనక్కి పోవాలి. దిబ్బల మధ్య లోతైన సందు ఎక్కడ దొరికితే అటు, చెరువు కట్టకి గండి పడ్డట్టు, ఒక్క పాయగా సముద్రంలోకి పరిగెడతాయి. ఆ పాయే రిప్. సందులో లోతు ఎక్కువ కాబట్టి అక్కడ కెరటాలు విరగవు, తెల్ల నురగ ఉండదు. రెండు పక్కలా తెల్లగా అలలు పొంగుతుంటే మధ్యలో ఒక పట్టీ ముదురు ఆకుపచ్చగా, ప్రశాంతంగా కనిపిస్తుంది. చిన్నపిల్లలున్న తల్లి ఏ చోటు ఎంచుకుంటుంది? ఆ ప్రశాంతమైన చోటే. ఈ దేశంలో మునిగిపోయినవాళ్ళని ఎంతోమందిని ముంచింది ఇదే. బాండై బీచ్ దక్షిణపు చివర ఇలాంటి రిప్ ఒకటి దాదాపు ఎప్పుడూ ఉంటుంది. బస్సు దిగి నేరుగా నడిచొచ్చే కొత్తవాళ్ళు అందులోకే దిగుతారు, అందుకే దానికి బ్యాక్‌ప్యాకర్స్ రిప్ అని పేరు పడింది.

కాబట్టి ఇవి చూడండి: తెల్లటి అలల వరసలో ఖాళీ, చుట్టూ కంటే ముదురు రంగు నీళ్ళు, ఒడ్డు నుంచి లోపలికి జారుతున్న నురగ, నాచు, ఇసుక కలిసి గోధుమ రంగులో లోపలికి సాగే మరక, గాలి లేకపోయినా ముడతలు పడ్డట్టుండే నీటి పైభాగం. రాళ్ళ గుట్టల పక్కనా, జెట్టీల పక్కనా రిప్ ఉందనే అనుకోండి. నీళ్ళు వెనక్కి తగ్గే ఆటు సమయంలో ఇవి సాధారణంగా ఇంకా గట్టిపడతాయి. అన్ని గుర్తులూ ఒకేసారి కనిపించవు. అనుమానం వస్తే పక్కన లైఫ్‌గార్డ్‌ని అడగండి, వేలెత్తి చూపిస్తారు.

బాగా ఈత వచ్చినవాళ్ళకి ఇదంతా అక్కర్లేదనుకోవద్దు. 1967 డిసెంబర్ 17న ఈ దేశ ప్రధానమంత్రి హారొల్డ్ హోల్ట్ విక్టోరియాలోని షెవియట్ బీచ్‌లో ఈతకి దిగి మళ్ళీ కనిపించలేదు. ఆయనకి ఆ బీచ్ కొత్త కాదు, సముద్రంలో ఈదడం అలవాటే. శవం కూడా దొరకలేదు. మీ మావయ్యగారు భీమిలిలో రోజూ ఈదినవారైనా సరే, జెండాల మధ్యే దిగమనండి.

5. చిక్కితే

ముందు ఒక భయం తీసేసుకోండి. రిప్ కిందకి లాగదు. విశాఖలో కూడా "లోపల్నించి కాళ్ళు పట్టి లాగేసింది" అంటుంటారు. అది నీటిలోపలికి లాగడం కాదు, ఒడ్డు నుంచి దూరంగా మోసుకెళ్ళడం. చాలాసార్లు కెరటాలు విరిగే వరస దాటాక దాని బలం తగ్గిపోతుంది. మనిషి చనిపోయేది అలసట వల్ల, టెన్షన్ వల్ల. ఒడ్డు ఎదురుగానే కనిపిస్తుంటుంది కాబట్టి నేరుగా దాని వైపే ఈదుతాడు. గట్టి రిప్ ఒలింపిక్ ఈతగాడి కంటే వేగంగా పోగలదు. ఎదురీదితే రెండు మూడు నిమిషాల్లో చేతులు ఆడవు, నోట్లోకి నీళ్ళు పోతాయి.

అందుకని చేయాల్సింది ఇది. ఎదురీదడం ఆపండి. వెల్లకిలా తిరిగి, ఛాతీ నిండా ఊపిరి తీసుకుని, తేలండి. ఉప్పునీళ్ళు మంచినీళ్ళ కంటే బాగా తేలుస్తాయి. ఊపిరి కుదుటపడ్డాక ఒక చెయ్యి నిటారుగా పైకెత్తి ఊపండి, కేకేయండి. జెండాల దగ్గరే ఉంటే నిమిషాల్లో బోర్డు మీద ఎవరో ఒకరు వస్తారు. ఒలింపిక్ పతకం ఉన్నా నా సలహా ఇదే: తేలుతూ ఆగండి.

"రిప్‌లో చిక్కితే ఒడ్డుకి సమాంతరంగా ఈదండి" అని వాట్సాప్‌లో తిరిగే సలహా ఒకటుంది. ఒక్కోసారి అది పనిచేస్తుంది, కానీ అదొక్కటే నేర్పడం నాకు నచ్చదు. చాలా రిప్‌లు తిన్నగా పోవు, గుండ్రంగా తిరిగి మళ్ళీ దిబ్బ మీదికే తీసుకొస్తాయి. మీరు సమాంతరంగా ఈదే దిక్కు ఆ ప్రవాహానికి ఎదురు అయితే మళ్ళీ అదే అలసట. ఈత బాగా వచ్చి, ఒంట్లో శక్తి ఉంటేనే ప్రయత్నించండి. అదీ తెల్లగా కెరటాలు విరుగుతున్న వైపే, ఎందుకంటే అక్కడ లోతు తక్కువ, కెరటమే మిమ్మల్ని ఒడ్డుకి తోస్తుంది. నాలుగు బారలు వేసినా చోటు మారకపోతే మళ్ళీ తేలండి.

ఇంకొకరు చిక్కితే ఉత్త చేతులతో దూకకండి. పిల్లాడి కోసం దూకిన తండ్రి పోయి, పిల్లాడు బతికిన సంఘటనలు ఈ దేశంలో ఎన్నో. లైఫ్‌గార్డ్‌ని పిలవండి, లేకపోతే ఇక్కడి అత్యవసర నంబర్ 000కి ఫోన్ చేయండి. తేలే వస్తువేదైనా విసరండి: బోర్డు, బంతి, ఐస్ పెట్టె మూత. చేతులు పట్టుకుని గొలుసులా నీళ్ళలోకి నడిచే పని అసలు వద్దు. కాలి కింద ఇసుక జారితే వరసంతా పోతుంది.

6. కుట్టేవి, కరిచేవి

ఉత్తరాన, అంటే కెయిర్న్స్, డార్విన్ వైపు, నవంబర్ నుంచి (డార్విన్‌లో అక్టోబర్ నుంచే) మే దాకా జెల్లీఫిష్‌ల కాలం. ఆ నెలల్లో ఒళ్ళంతా కప్పే లైక్రా సూట్ లేకుండా దిగొద్దు. బీచ్‌లో కట్టిన వల బాక్స్ జెల్లీఫిష్‌ని చాలావరకు ఆపుతుంది, గోరంత ఉండే ఇరుకాంజీ అనే జెల్లీఫిష్‌ని ఆపలేదు. ఇరుకాంజీ కుట్టినప్పుడు పెద్దగా తెలియదు. అరగంటకి నడుం నొప్పి, వాంతులు, బీపీ పెరగడం మొదలవుతాయి. వీటికి 30 సెకన్లకు తక్కువ కాకుండా వెనిగర్ పోయాలి, 000కి ఫోన్ చేయాలి. ఆ తీరాల్లో వెనిగర్ సీసాలు బీచ్ దగ్గరే స్తంభాలకి పెట్టి ఉంచుతారు. మొసలి బోర్డు ఉన్నచోట నీటి అంచుకి కూడా వెళ్ళకండి.

సిడ్నీ వైపు వేసవిలో ఈశాన్య గాలి వీస్తే బ్లూబాటిల్స్ కొట్టుకొస్తాయి. నీలం బుడగ, కింద దారం లాంటి తోక. దీనికి వెనిగర్ వాడకూడదు, ఇక్కడే అందరూ కలగాపులగం చేస్తారు. దారాలు తీసేసి, సముద్రపు నీళ్ళతో కడిగి, తట్టుకోగలిగినంత వేడి నీళ్ళలో 20 నిమిషాలు ఉంచాలి. ఇసుకతో రుద్దితే మంట ఇంకా పెరుగుతుంది.

చివరగా పిల్లలు. పోటు తగ్గాక రాళ్ళ గుంటల్లో గవ్వలు ఏరుకుంటారు. శంకువు ఆకారపు గవ్వ ఏదీ చేత్తో తీయనివ్వకండి, లోపల విషపు ముల్లున్న నత్త ఉండొచ్చు. గోల్ఫ్ బంతంత చిన్న ఆక్టోపస్ ఒకటి రాళ్ళ కింద ఉంటుంది. మామూలుగా మట్టి రంగులోనే ఉంటుంది, బెదిరితేనే ఒంటి మీద నీలం వలయాలు మెరుస్తాయి. కాటు నొప్పి కూడా పుట్టదు, కానీ కాసేపటికే ఊపిరితిత్తులు ఆడించే కండరాలు ఆగిపోతాయి. విరుగుడు మందు లేదు. కరిచిందని తెలియగానే 000కి ఫోన్ చేసి, కాటు పడ్డ కాలికో చేతికో గట్టిగా కట్టు కట్టి కదలకుండా ఉంచండి. ఊపిరి ఆగితే నోటితో ఊపిరి ఇస్తూనే ఉండాలి, అంబులెన్స్ వచ్చేదాకా ఆపకూడదు. కొన్ని గంటలకి విషం దిగుతుంది, అప్పటిదాకా ఊపిరి అందితే మనిషి బతుకుతాడు.