టెక్సాస్ జనాభా పట్టికలను విశాఖ నుంచి చదివే పద్ధతి

విశాఖ ద్వారకానగర్‌లో విదేశీ చదువుల కన్సల్టెన్సీలలో టెక్సాస్ ప్రస్తావన వచ్చిందంటే “అక్కడంతా మనవాళ్లే” అన్న మాట వెంటనే వినిపిస్తుంది. పిల్లలను అక్కడికి పంపే తల్లిదండ్రులు ఆ మాట నిజమెంతో తేల్చుకోవాలంటే, అమెరికా సెన్సస్ బ్యూరో వెబ్‌సైటులో ఉచితంగా దొరికే పట్టికలను తామే చూడవచ్చు. అయితే జాతి, భాష, మతం మూడూ ఒకేచోట దొరకవు.

జాతి వివరాలకు 2020 జనగణనను తెరవండి. అప్పటి టెక్సాస్ జనాభా 2,91,45,505. స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవారిని అక్కడ హిస్పానిక్‌లు అంటారు. అందులో హిస్పానిక్ కాని శ్వేతజాతీయులు 39.7 శాతం, హిస్పానిక్‌లు 39.3 శాతం ఉండగా, 2022 అంచనాలలో హిస్పానిక్‌లే పెద్ద సమూహమయ్యారు. ఇక్కడ జాగ్రత్త అవసరం. ఆ జనగణన ఫారంలో హిస్పానిక్ మూలం ఒక ప్రశ్న, జాతి మరో ప్రశ్న కనుక ఒకే వ్యక్తి హిస్పానిక్‌గానూ శ్వేతజాతీయుడిగానూ నమోదు కావచ్చు. అందువల్ల ‘హిస్పానిక్ కాని’ అని రాసి ఉన్న వరుసలనే తీసుకోవాలి, లేకుంటే కొందరిని రెండుసార్లు లెక్కించినట్లవుతుంది. మనవాళ్లు మిగతా భారతీయులతో కలిసి ‘ఏషియన్ ఇండియన్’ గడిలో కనిపిస్తారు. ఆ గడి 1980లో వచ్చింది. 1970లో భారతీయులను, వింతగానే ఉన్నా, శ్వేతజాతీయులలో కలిపారు కాబట్టి 1980కి ముందరి అంకెలతో పోలిక పెట్టకండి.

భాషను 2020 జనగణన అడగలేదు. దానికి అదే బ్యూరో జరిపే అమెరికన్ కమ్యూనిటీ సర్వేలోని బి16001 పట్టికను రాష్ట్ర స్థాయిలో చూస్తే స్పానిష్‌తో పాటు తెలుగుకూ విడిగా వరుస కనిపిస్తుంది. మన జనగణనలా అది మాతృభాషను అడగదు, ఐదేళ్లు నిండినవారు ఇంట్లో ఇంగ్లీషు కాక ఏ భాష మాట్లాడతారని అడుగుతుంది. కాబట్టి అమ్మానాన్నలకు ఇంగ్లీషులోనే బదులిచ్చే పిల్లవాడు తెలుగువాడైనా ఆ వరుసలోకి రాకపోవచ్చు. పైగా ఇది నమూనా సర్వే కనుక ప్రతి అంకె పక్కనున్న దోష పరిమితినీ (అసలు అంకె ఎంత అటూఇటూ ఉండవచ్చో చెప్పేది) చదవాలి.

మతం సంగతి వేరు. మతంపై జవాబును తప్పనిసరి చేయరాదని 1976 చట్టం చెబుతోంది, సెన్సస్ బ్యూరో ఆ ప్రశ్నే వేయదు. అందుకని అమెరికాలోని ప్యూ పరిశోధన కేంద్రం 2007, 2014, 2023–24లలో జరిపిన సర్వేలను, లేదా పదేళ్లకోసారి ప్రార్థనా సంఘాల నుంచి సమాచారం సేకరించే యూఎస్ రెలిజియన్ సెన్సస్‌ను ఆశ్రయించాలి. మొదటిది మనుషులు తమ గురించి చెప్పుకున్నది, రెండవది సంఘాలు తమ సభ్యుల గురించి చెప్పినది కనుక ఈ రెండింటి అంకెలను ఒకే పట్టికలో చేర్చకూడదు. హిస్పానిక్‌లందరినీ కేథలిక్కులుగా, తెలుగువారందరినీ హిందువులుగా రాసుకోవడం ఇంకా పెద్ద పొరపాటు.