ముందు అద్దంపై ఆవిరి తొలగకపోతే ఎక్కడ చూడాలి

వానాకాలంలోనో, లంబసింగి వంటి చోట్ల చలికాలపు తెల్లవారుజామునో కారు ముందు అద్దానికి లోపల పట్టిన ఆవిరి డీఫ్రాస్టర్ (అద్దంపైకి గాలి ఊదే ఏర్పాటు) వేసినా తొలగకపోతే, ఏసీ గ్యాస్ నింపించడానికి పరుగెత్తే ముందు, డ్యాష్‌బోర్డు పైన అద్దం అంచున ఉండే సన్నని సందుల దగ్గర అరచేయి పెట్టి చూడండి.

గాలి అసలే రాక, ఫ్యాన్ శబ్దం కూడా లేకపోతే ముందు ఫ్యూజును, తరువాత ఫ్యాన్‌ను తిప్పే బ్లోయర్ మోటారును పరీక్షించాలి. ఫ్యాన్ అత్యధిక వేగంలో మాత్రమే తిరుగుతుంటే సాధారణంగా ఫ్యాన్ వేగాన్ని తగ్గించే బ్లోయర్ రెసిస్టర్ కాలిపోయినట్టే. ఫ్యాన్ తిరుగుతున్నా గాలి కాళ్ల వైపే పోతుంటే, దారి మళ్లించే తలుపును కదిపే కేబుల్ ఊడి ఉండవచ్చు. కేబుల్‌కు బదులు చిన్న మోటారు ఉన్న కార్లలో డ్యాష్‌బోర్డు వెనుక టకటకమని చప్పుడు వస్తే, దాని పళ్లచక్రం అరిగిందని అనుమానించాలి. గాలి నీరసంగా వస్తే లోపలికి వచ్చే గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టర్ మార్చండి. చాలా కార్లలో అది గ్లవ్ బాక్స్ వెనుకే ఉంటుంది.

గాలి బాగానే వస్తున్నా ఆవిరి పోకపోతే, లోపలి గాలినే తిప్పే రీసర్క్యులేషన్ ఆపి, చలిగా ఉన్నా సరే ఏసీ, హీటర్ రెండూ కలిపి వేయండి, ఎందుకంటే గాలిలోని తేమను లాగేసేది ఏసీయే. హీటర్ గాలి వెచ్చబడకపోతే కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) తగ్గి ఉండవచ్చు. అద్దంపై జిడ్డు పొర, తీపి వాసన కలిసి కనిపిస్తే వేడి కూలెంట్‌తో గాలిని వెచ్చబరిచే హీటర్ కోర్ కారుతున్నదని భావించి మెకానిక్‌కు చూపించండి. కూలెంట్ మూతను మాత్రం ఇంజిన్ పూర్తిగా చల్లారాకే తీయాలి.