ప్లాన్ చూసి వర్క్‌బెంచ్ కడుతున్నారా? వైస్ బిగించేది ఇలా

వర్క్‌బెంచ్ ప్లాన్‌లో చెక్క కొలతలన్నీ నమ్మొచ్చు, వైస్ (చెక్కను కదలకుండా పట్టే బిగింపు) దగ్గర మాత్రం నమ్మకండి. ప్లాన్ గీసినాయన వాడిన వైస్ వేరు, మీరు కొన్నది వేరు. రెండింటికీ 9 అంగుళాలని పేరున్నా అది దవడ (చెక్కను నొక్కి పట్టే ఇనుప భాగం) వెడల్పు మాత్రమే. దవడను తిన్నగా నడిపే రాడ్ల పొడవు, బోల్టు బెజ్జాల దూరం కంపెనీకో రకంగా ఉంటాయి. అందుకే బల్ల కాళ్లకు రంపం పెట్టకముందే వైస్ కొని ఎదురుగా పెట్టుకోండి. ఇక్కడ చెప్పేది బల్ల కింద బిగించే మామూలు ఇనుప వైస్ గురించి.

చోటు చూసుకోవడం

కుడిచేతివాటం వాళ్లకు ముందు అంచులో ఎడమ చివర అనువు. వైస్‌ని పూర్తిగా మూసి, స్క్రూ, గైడ్ రాడ్లు వెనక్కి ఎంత దూరం వస్తున్నాయో కొలవండి. మూసినప్పుడే అవి బల్ల కింద అన్నిటికన్నా లోపలికి వెళ్తాయి. ఆ దారిలో కాలు గానీ, అడ్డకర్ర గానీ, సొరుగు గానీ రాకూడదు. వస్తే ఇప్పుడే జరపండి, కాగితం మీద జరపడానికి ఖర్చేమీ లేదు. డాగ్ బెజ్జాలు (చెక్కను ఆపే మేకుల కోసం బల్లకు పెట్టే రంధ్రాలు) కూడా రాడ్ల మీదికి రాకుండా చూసుకోండి.

దిమ్మె మందం లెక్క

దిమ్మె అంటే బల్ల అడుగుకూ వైస్‌కూ మధ్య పెట్టే చెక్క ముక్క. ఎక్కువమంది తేలిగ్గా తీసుకునేది ఇదే. ఇనుప దవడ పైఅంచు బల్ల ఉపరితలానికి కనీసం 12 మి.మీ. కిందే ఉండాలి. లేకపోతే చిత్రిక పట్టేటప్పుడు బ్లేడు ఇనుముకు తగిలి పళ్లు పడుతుంది. వైస్ బోల్టు వేసే ముఖం నుంచి దవడ పైఅంచు దాకా కొలవండి. దానికి 12 కలిపి, బల్ల మందం తీసేయండి. ఆ కొలత 75, బల్ల 50 మి.మీ. అనుకుంటే 37 మి.మీ. దిమ్మె కావాలి. బల్ల 100 మి.మీ. మందం ఉంటే లెక్క మైనస్ 13 వస్తుంది, అంటే దిమ్మె అక్కర్లేదు, బల్ల అడుగునే 13 మి.మీ. ఉలితో తొలవాలి. దిమ్మెకు టేకు లాంటి గట్టి చెక్క వాడండి.

వెనక దవడను దించడం

వెనక దవడ (కదలనిది) బల్ల అంచుకు బయటే ఉంటే పొడవాటి పలక పట్టినప్పుడు అది బల్లకు ఆనదు. అందుకని దవడ మందమంత గాడి కింది నుంచి తొలిచి, పైన 12 మి.మీ. చెక్క వదిలేయండి. ఇనుము అంచుతో సమంగా కూర్చోవాలి. వైస్ బిగించాక అంచు పొడవునా 18 మి.మీ. పలక వేస్తే ఇనుము దాని వెనక్కి పోతుంది.

బిగించడం

9 అంగుళాల వైస్ పది కిలోలకు పైనే ఉంటుంది. బల్లను తిరగేసి పని చేయండి. తిరగెయ్యడం కుదరకపోతే కారు జాకీ పెట్టి వైస్‌ని పైకి లేపండి. 10 మి.మీ. కోచ్ స్క్రూలకు (పానాతో తిప్పే తల ఉన్న లావు చెక్క స్క్రూలు) గట్టి చెక్కలో 7 మి.మీ. బెజ్జం చాలు. డ్రిల్ బిట్‌కి టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకోకపోతే బల్ల పైకి బెజ్జం పడుతుంది. స్క్రూ మరలకు కొవ్వొత్తి రుద్ది, వాషర్ వేసి పానాతో తిప్పండి. చివరి బిగింపు మాత్రం మూలమట్టం పెట్టి చూశాకే.

దవడ చెక్కలు

ముందు దవడకూ 18 మి.మీ. పలక బిగించండి, స్క్రూలు బయటి వైపు నుంచి. రెండు పలకలూ బల్లకన్నా 2 మి.మీ. ఎత్తుగా ఉంచి, తర్వాత చిత్రికతో సమం చేయండి. ఇప్పుడు దవడల మధ్య పైన ఒకటి, కింద ఒకటి కాగితం ముక్కలు పెట్టి మెల్లగా మూయండి. పైది ముందు పట్టుకోవాలి. కిందిది ముందు పట్టుకుంటే ముందు పలక వెనక, పైఅంచు దగ్గర విజిటింగ్ కార్డు ముక్క పెట్టి మళ్లీ బిగించండి.

రాడ్లకు గ్రీజు వద్దు, రంపపు పొట్టంతా అంటుకుని ముద్దవుతుంది. పల్చటి మెషిన్ ఆయిల్ చాలు. వైస్‌లో ఒక పక్కనే చెక్క పట్టాల్సి వస్తే, రెండో పక్క అదే మందం ముక్క పెట్టండి, లేకపోతే దవడ ఏటవాలుగా తిరిగి పట్టు జారుతుంది.