స్టోరీబుక్‌లో కాంపొనెంట్ వెలవెలబోతుంటే ప్రివ్యూ ఫైల్ చూడండి

ఫ్రంట్ ఎండ్ ప్రాజెక్టులో స్టోరీబుక్ (బటన్ వంటి కాంపొనెంట్లను, అంటే యాప్ తెరలోని విడిభాగాలను, విడిగా చూసుకునే సాధనం) అమర్చుకున్న వెంటనే చాలామందికి ఒక చిక్కు ఎదురవుతుంది. అసలు యాప్‌లో నిండైన రంగుతో, గుండ్రని అంచులతో కనిపించే బటన్, 6006 పోర్టులో తెరుచుకున్న ప్రివ్యూలో మాత్రం బ్రౌజర్ ఇచ్చే మామూలు బూడిదరంగు బటన్‌లా కనిపిస్తుంది. కాంపొనెంట్‌లో తప్పేమీ లేదు. స్టోరీబుక్ ప్రతి కాంపొనెంట్‌నూ విడిగా ఒక ఐఫ్రేమ్‌లో (పేజీ లోపలి మరో పేజీలో) చూపిస్తుంది కాబట్టి మీ యాప్ ప్రారంభ ఫైల్ అక్కడ నడవదు. అందులో ఇంపోర్ట్ చేసిన గ్లోబల్ సీఎస్ఎస్ గానీ, యాప్ చుట్టూ ఉంచి రంగులు, ఫాంట్లు అందించే థీమ్ ప్రొవైడర్ గానీ అక్కడికి చేరవు.

అందువల్ల స్టోరీబుక్ ఫోల్డర్‌లోని ప్రివ్యూ ఫైల్ మొదట్లోనే ఆ సీఎస్ఎస్‌ను ఇంపోర్ట్ చేసి, థీమ్, రౌటర్, అనువాదాల వంటి ప్రొవైడర్లను అదే ఫైల్‌లో డెకరేటర్‌గా, అంటే చూపించే కాంపొనెంట్‌ను చుట్టే ఫంక్షన్‌గా, రాయండి. అప్పుడవి ప్రతి స్టోరీకీ (కాంపొనెంట్‌ను ఒక స్థితిలో చూపే నమూనాకు) వాటంతటవే వర్తిస్తాయి. వీటిని ఒక్కో స్టోరీలో విడివిడిగా చుట్టడం నాకు సమ్మతం కాదు, ఎందుకంటే థీమ్ మారిన రోజున ఆ ఫైళ్లన్నీ తిరగరాయవలసి వస్తుంది. బొమ్మలు, ఫాంట్లు కనబడకపోతే అదే ఫోల్డర్‌లో ఉండే మెయిన్ ఫైల్‌లోని స్టాటిక్ డిర్స్ (staticDirs) సెట్టింగ్‌లో పబ్లిక్ ఫోల్డర్‌ను చేర్చండి. ఈ ఫైల్‌ను మార్చాక మాత్రం స్టోరీబుక్‌ను ఒకసారి ఆపి మళ్లీ నడపాలి.